చక్రాలు మార్చాక టైరు లైటు ఆరట్లేదా? సెన్సార్లు రీసెట్ చేసే పద్ధతి

నల్లగొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, పాలమూరు నుంచి వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, చక్రాలు మార్పిచ్చిన. మీటర్ల పసుపు లైటు పోతలేదు. ఎట్ల జేయాలె?" ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఒక్కసారి రాసిపెడితే నయమనిపించింది.

అన్నిటికంటే ముందు ఒక మాట. రీసెట్ బటన్ టైర్లో గాలి నింపదు. ఇది నాకు దెబ్బ తిన్నాకే బుర్రకెక్కింది. రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి వస్తుంటే పంతంగి టోల్ దాటాక లైటు వెలిగింది. ఆ వారమే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. షాపులో రీసెట్ చేయడం మరిచిపోయి ఉంటారనుకుని, బండి పక్కన ఆపి బటన్ నొక్కేశాను. లైటు ఆరింది. చిట్యాల దాటేసరికి స్టీరింగ్ ఎడమకి గుంజడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ఎడమ ముందు టైర్లో మేకు, గాలి సగం కూడా లేదు. లైటు నిజమే చెప్పింది, నేనే దాని నోరు మూయించాను. కాబట్టి ఏ బండైనా సరే, ముందు గాలి, ఆ తర్వాతే బటన్.

మీ బండిలో ఏ రకం ఉంది?

ఇది తెలియకుండా మొదలుపెడితే సగం రోజు వృథా. టైరు గాలి చూసే ఏర్పాటు, అంటే టీపీఎంఎస్, మన దగ్గర మూడు రకాలుగా కనిపిస్తుంది.

ఒకటి, చక్రం లోపల సెన్సార్ ఉన్నది. మీటర్ బోర్డులో నాలుగు చక్రాల బొమ్మ, ఒక్కోదాని పక్కన 33, 34 అని విడివిడిగా గాలి అంకెలు (పీఎస్ఐ అనే కొలతలో) కనిపిస్తే మీది ఇదే. క్రెటా, సెల్టోస్ లాంటి వాటిలో పై వేరియంట్లు ఇలా చూపిస్తాయి. సెన్సార్ రిమ్ముకు లోపలివైపు, వాల్వు మొదట్లో ఉంటుంది. దానిలో చిన్న బ్యాటరీ, ఒక రేడియో ఉంటాయి, ప్రతి సెన్సార్‌కూ తన సొంత నంబరు ఉంటుంది. బండి ఆ నంబర్లను గుర్తుపెట్టుకుంటుంది.

రెండోది, చక్రంలో ఏమీ లేనిది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) కోసం ఎలాగూ ఉన్న స్పీడ్ సెన్సార్లతోనే పని కానిస్తుంది. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొంచెం తగ్గుతుంది, మిగతా వాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది. ఆ తేడా పట్టుకుని లైటు వెలిగిస్తుంది. అంకెలు చూపించదు. స్లావియా, వర్టస్, కుషాక్, టైగున్ ఈ కోవలోవే.

మూడోది, మనం బయట కొని పెట్టుకున్నది. వాల్వు మూత స్థానంలో బిగించే నాలుగు క్యాప్‌లు, డ్యాష్‌బోర్డు మీద ఎండకు చార్జ్ అయ్యే చిన్న తెర.

ఒకే మోడల్‌లో పై వేరియంట్‌కు సెన్సార్లు ఉండి, కింది వేరియంట్‌కు లేకపోవడం మామూలే. కనుక "మా బావ బండిలో ఉంది, నాదీ అదే కారు" అనుకోకండి. మాన్యువల్‌లో టైర్ల అధ్యాయం తీసి ఒకసారి చదవండి. పుస్తకం పోయుంటే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

లైటు ఎలా వెలుగుతోందో చూడండి

గుర్రపు లాడం లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. బండి స్టార్ట్ చేయగానే అది నిలకడగా వెలిగితే, ఏదో టైర్లో గాలి తక్కువ. నిమిషం, నిమిషంన్నర పాటు టపటపా కొట్టుకుని ఆ తర్వాత నిలకడగా ఉండిపోతే, గాలి సంగతి కాదు. బండికి ఏదో ఒక సెన్సార్ దొరకట్లేదని అర్థం. చక్రాలు మార్చాక మనవాళ్లు పంపే వీడియోల్లో ఎక్కువ ఈ రెండోదే ఉంటోంది. ఈ తేడా చూడకుండా గాలి కొట్టించి కొట్టించి, టైర్లను 40 దాకా ఉబ్బించినవాళ్లను చూశాను.

కావలసినవి

- మీ సొంత గాలి మీటరు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బంకుల్లో మీటర్లు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయి, వాటిని నమ్మి సెట్ చేస్తే మొదట్లోనే తప్పు పడుతుంది.
- కారులో పెట్టుకునే చిన్న గాలి పంపు. లేకపోతే ఇంటికి దగ్గర్లోని పంచర్ షాపు.
- డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, నిండు లోడుకు ఎంత అని దాని మీదే ఉంటుంది. టైరు పక్కగోడ మీద ఉన్న అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీరు కొట్టించాల్సింది కాదు.
- సబ్బు నీళ్లు.
- సెన్సార్ నంబర్లు ఫొటో తీయడానికి ఫోన్.

1. చక్రం విప్పేటప్పుడే మొదలవుతుంది

కొత్త రిమ్ములు వేయిస్తున్నారనుకోండి. షాపులోకి అడుగుపెట్టగానే "దీంట్లో సెన్సార్లున్నయి" అని చెప్పండి. చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది? టైరు మిషన్ మీద రిమ్ము అంచు నుంచి టైరును నొక్కి విడదీసే బ్లేడు వాల్వు పక్కన పడిందంటే సెన్సార్ పుటుక్కున విరుగుతుంది. వాల్వును బ్లేడుకు సరిగ్గా అవతలివైపు ఉండేలా తిప్పి పెట్టమనండి. వాల్వు లోహంతో చేసినదై, మొదట్లో నట్టుంటే అది ఖాయంగా సెన్సార్ వాల్వే. రబ్బరు వాల్వైనా లోపల సెన్సార్ ఉండొచ్చు, కాబట్టి పైకి చూసి లేదనుకోకండి.

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్త అల్లాయ్‌లు వేయించి, పాత రిమ్ములు అక్కడే అమ్మేశాడట. "సెన్సార్లు టైర్ల ఉంటయనుకున్న అన్నా" అన్నాడు. టైరులో కాదు, రిమ్ములో ఉంటాయి. రిమ్ములతో పాటు నాలుగూ పోయాయి. పాత రిమ్ములు అమ్మే ముందు సెన్సార్లు విప్పించి దగ్గర పెట్టుకోండి. కొత్త రిమ్ముకు అవి సరిపోతే అవే బిగించుకోవచ్చు, అప్పుడు రీసెట్ గొడవే చాలా వరకు ఉండదు.

2. సెన్సార్ పాతదా, కొత్తదా?

లోపలి సెన్సార్ బ్యాటరీ మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. దాన్ని మార్చే వీలుండదు. బ్యాటరీ అయిపోతే సెన్సారే మార్చాలి. బండికి 7, 8 ఏళ్లుంటే, ఎలాగూ టైరు విప్పారు కాబట్టి అప్పుడే మార్చించుకోవడం తెలివైన పని. ఆరు నెలలకు మళ్లీ టైరు విప్పించి, మళ్లీ బ్యాలెన్సింగ్ డబ్బులు కట్టే బాధ తప్పుతుంది.

కొత్తవి కొంటుంటే రెండు విషయాలు అడగండి. ఒకటి, మీ బండి మోడల్‌కు, సంవత్సరానికి సరిపోతుందా అని. రెండు, దాని రేడియో 433 మెగాహెర్ట్జ్‌దేనా అని. అమెరికా మార్కెట్ కోసం చేసిన 315 రకం ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తుంది, మన బండి దాని మాట వినదు. ప్రోగ్రామ్ చేసుకునే రకం దొరికితే ఇంకా మంచిది. పాత సెన్సార్ నంబరును దానిలోకి కాపీ చేయవచ్చు. అప్పుడు బండి పాతదే ఉందనుకుంటుంది, కొత్తగా నేర్పే పని ఉండదు.

టైరు ఎక్కించక ముందే నాలుగు సెన్సార్ల మీదున్న నంబర్లను ఫొటో తీయండి. ఏది ఏ చక్రంలో పెట్టారో రాసుకోండి. ఇది చాలామంది వదిలేసే పని. టైరు ఎక్కాక ఆ నంబరు కంటికి కనిపించదు, తర్వాత అవసరపడితే మళ్లీ టైరు విప్పడమో, సెన్సార్‌ను చదివే పరికరం వెతుక్కోవడమో.

3. బిగించి, బ్యాలెన్స్ చేయించండి

సెన్సార్ బరువు ఒక పక్క పడుతుంది కనుక బ్యాలెన్సింగ్ తప్పనిసరి. వాల్వు దగ్గర సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అల్యూమినియం వాల్వుకు మామూలు ఇత్తడి పిన్ను వేయనివ్వకండి, కొన్నాళ్లకు తుప్పుతో అతుక్కుపోతుంది. నికెల్ పూత ఉన్న పిన్నే వేయించండి. మెరిసే లోహపు మూతలదీ అదే కథ. ప్లాస్టిక్ మూతే మేలు. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగువు చూసుకోండి.

4. గాలి, అదీ చల్లగా ఉన్నప్పుడు

బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. మన దగ్గర ఎండలకు ఇది చాలా ముఖ్యం. పది డిగ్రీల వేడి పెరిగితే టైర్లో గాలి ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ దాకా పెరుగుతుంది. ఉదయం 6 గంటలకు 33 ఉన్న టైరు, మే నెలలో సూర్యాపేట దాకా ఏకబిగిన నడిపాక 37, 38 చూపించొచ్చు. అది సహజం. "ఎక్కువైంది" అని అక్కడ గాలి తీసేసి రీసెట్ కొట్టారంటే, తెల్లారేసరికి 28, 29కి పడిపోయి ఉంటుంది. ఆ తక్కువ గాలినే బండి సరైనదని నేర్చుకుంటుంది.

డిసెంబర్ చలిలో దీనికి తలకిందులు జరుగుతుంది. రాత్రికి రాత్రి పాదరసం పడిపోయి, పొద్దున్నే లైటు వెలుగుతుంది, పది కిలోమీటర్లు తిరిగాక ఆరిపోతుంది. అది సెన్సార్ తప్పు కాదు. గాలి అంచున ఉందని అర్థం, రెండు పాయింట్లు కొట్టించండి.

అంకెల లెక్క: 33 పీఎస్ఐ అంటే సుమారు 2.3 బార్, 230 కిలోపాస్కల్. తెర మీద 230 అని కనిపిస్తే బెంబేలు పడకండి. సెట్టింగుల్లో పీఎస్ఐకి మార్చుకోవచ్చు.

స్టెప్నీకి కూడా ఇప్పుడే గాలి చూడండి. అవసరం పడినరోజు అది చప్పబడి ఉంటే, హైవే మీద నిలబడి మన తలరాతను తిట్టుకోవడమే.

5. ఇప్పుడు రీసెట్

*లోపల సెన్సార్ ఉన్న బండి, అవే సెన్సార్లు:* చాలా వాటిలో మీరు చేయాల్సింది ఏమీ లేదు, నడపడమే. ఆగి ఉన్నప్పుడు సెన్సార్లు నిద్రపోతాయి, చక్రం తిరిగితేనే లేస్తాయి. ఇంటి ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి పది నిమిషాలు కూర్చుంటే ఏమీ రాదు. బండిని ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆపి ఉంచి, ఆ తర్వాత 40కి తగ్గకుండా ఇరవై నిమిషాలు నడపండి. క్లాక్ టవర్ చుట్టూ సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగితే ఆ వేగం రాదు. నల్లగొండ వాళ్లు నార్కెట్‌పల్లి దాకా, పాలమూరు వాళ్లు జడ్చర్ల దాకా వెళ్లి వస్తే సరిపోతుంది.

ముందు, వెనక చక్రాలు అటూ ఇటూ మార్చినప్పుడు కొన్ని బండ్లు స్థానాన్ని వాటంతటవే కనుక్కుంటాయి. కొన్ని కనుక్కోవు, వెనక టైరు అంకెను ముందు చూపిస్తాయి. మీది ఏ రకమో తెలుసుకోవడానికి తేలిక పద్ధతి ఉంది, కింద 6లో చెప్పాను.

*లోపల సెన్సార్ ఉన్న బండి, కొత్త సెన్సార్లు:* ఇక్కడే నేర్పించాలి. కొన్ని బండ్లు నడిపితే తామే నేర్చుకుంటాయి. కొన్నిటికి ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్‌కు పరికరాలు కలిపే చోటు) స్కానర్ పెట్టి నాలుగు నంబర్లూ రాయాలి, మీరు తీసిన ఫొటో ఇక్కడ అక్కరకొస్తుంది. ఇంకొన్నిటికి నేర్చుకునే మోడ్ పెట్టి, చిన్న పరికరంతో ఒక్కో వాల్వు దగ్గర సెన్సార్‌ను లేపాలి. వరస చాలా బండ్లలో ఇలా ఉంటుంది: ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక. ఆ పరికరం లేని షాపులో "ఎట్లనో జేస్తం" అంటే వినకండి. ముందే ఫోన్ చేసి, "టీపీఎంఎస్ టూల్ ఉందా, మా మోడల్‌కు చేస్తారా?" అని కనుక్కుని వెళ్లండి. ఈ పని జరుగుతున్నప్పుడు సెన్సార్లున్న పాత చక్రాలు డిక్కీలో ఉండకూడదు. బండి ఒక్కోసారి వాటి మాట వినేస్తుంది.

*ఏబీఎస్‌తో పనిచేసేది:* దీనికి ప్రతిసారీ రీసెట్ కావాలి: గాలి కొట్టించినా, చక్రాలు మార్చినా, ఒక్క టైరు కొత్తది వేసినా. బండి ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, తెర మీద వాహనం సెట్టింగుల్లో టైర్ల దగ్గరికి వెళ్లి సెట్ నొక్కండి. కొన్నిటిలో స్టీరింగ్ కింద బటన్ ఉంటుంది, లైటు కొట్టుకునేదాకా లేదా బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకోవాలి. దానితో పని అయిపోలేదు. బండి ఆ తర్వాత నడుస్తూ నేర్చుకుంటుంది, అరగంట నుంచి గంట పట్టొచ్చు. రకరకాల వేగాల్లో, వీలైనంత సాఫీ రోడ్డు మీద నడపండి. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ రోడ్డులో నేర్పిద్దామనుకోకండి. మలుపుల్లో ఏ చక్రం వేగం దానిదే, బండికి లెక్క కుదరదు.

ఈ రకానికి ఒక లోపం ఉంది, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. నాలుగు టైర్లూ నెలల తరబడి సమానంగా గాలి తగ్గుతూ పోతే తేడా కనిపించదు, లైటు వెలగకపోవచ్చు. ఇది ఉందని గాలి చూడడం మానేస్తే నష్టం మీకే.

*క్యాప్ రకం:* ప్రతి క్యాప్ మీద ఏ చక్రానిదో గుర్తు ఉంటుంది. చక్రాలు మార్చినప్పుడు క్యాప్‌లను తీసి, గుర్తు ప్రకారం మళ్లీ ఆయా స్థానాల్లో బిగిస్తే చాలు, నేర్పే పనే లేదు. క్యాప్ పోయి కొత్తది కొంటేనే తెరలో ఆ చక్రాన్ని ఎంచుకుని, నేర్చుకునే మోడ్ పెట్టి, క్యాప్ బిగించాలి. బిగించాక సబ్బు నీళ్లు పోయండి, ఇవి వాల్వు పిన్నును నొక్కి ఉంచుతాయి కనుక సరిగా కూర్చోకపోతే గాలి కారుతుంది. అంకె రాకపోతే ముందు లోపలి బటన్ బ్యాటరీ మార్చి చూడండి.

6. అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

లైటు ఆరితే పని అయినట్టు కాదు. నా పంతంగి కథ చదివారుగా.

అంకెలు చూపించే బండైతే ఇలా చేయండి. ఎడమ వెనక టైర్లో మాత్రమే గాలి 3 పాయింట్లు తీసి, కాస్త దూరం నడపండి. తెర మీద ఎడమ వెనకే తగ్గితే స్థానాలు సరిగ్గా ఉన్నాయి. ఇంకో చక్రం దగ్గర తగ్గితే బండి వాటిని తారుమారుగా చూస్తోంది. రేపు కుడివైపు మేకు గుచ్చుకుంటే ఎడమవైపు వెతుకుతారు. గాలి తిరిగి నింపడం మరవకండి. నాలుగు చక్రాల్లోనూ చేస్తే పూర్తి నమ్మకం, ఓపిక లేకపోతే కనీసం ముందు ఒకటి, వెనక ఒకటి.

తెర అంకెకీ మీ చేతి మీటరుకీ ఒకటి రెండు పాయింట్ల తేడా ఉంటే పట్టించుకోకండి. ఐదు ఉంటే పట్టించుకోవాలి.

ఏబీఎస్ రకంలో ఈ పరీక్ష కుదరదు, అంత చిన్న తేడా అది పట్టుకోలేదు. దానిలో మీరు చేయగలిగింది మర్నాడు పొద్దున చేతి మీటరుతో నాలుగు టైర్లూ చూడడమే. ముందు రోజు పెట్టిన అంకెలే ఉంటే, బండి నేర్చుకున్నది సరైన గాలినే.

సెన్సార్ ఉన్నా లేకున్నా నెలకోసారి చేతి మీటరు పెట్టండి. లైటు వెలిగేసరికే చాలా బండ్లలో గాలి ఐదో వంతో, నాలుగో వంతో తగ్గిపోయి ఉంటుంది. 33 ఉండాల్సిన చోట 26 అయ్యేదాకా బండి మౌనంగా ఉండొచ్చు.

స్టెప్నీ వేశాక లైటు కొట్టుకుంటోందా?

కొట్టుకుంటుంది. చాలా బండ్ల స్టెప్నీలో సెన్సార్ ఉండదు. అసలు చక్రం పంచర్ వేయించి తిరిగి పెట్టాక, కాసేపు నడిపితే దానంతటదే పోతుంది. ఈలోపు స్కానర్ వాడి దగ్గరికి పరిగెత్తి డబ్బులు పోగొట్టుకోకండి. సన్నటి స్టెప్నీ అయితే దాని మీద రాసిన వేగ పరిమితి, సాధారణంగా 80, దాటకండి.

కొందరికి స్టెప్నీయే ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంచర్ కిట్ మూడూ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది. అలాంటి కిట్‌లోని ద్రవం టైర్లోకి ఎక్కించారంటే, పంచర్ వేసేటప్పుడు లోపలంతా తుడిపించి, సెన్సార్ చిన్న రంధ్రం మూసుకుపోలేదని చూడమనండి. దాని నుంచే సెన్సార్ గాలిని కొలుస్తుంది. పంచర్లు పడకుండా ముందే టైర్లో పోసే జిగురు ద్రవాలు అమ్ముతుంటారు కదా, సెన్సార్ ఉన్న చక్రంలో అవి వద్దనే నేనంటాను.

ఇన్ని చేసినా కొట్టుకుంటూనే ఉంటే

సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే. కానీ ఊరికే "లైటు వస్తోంది" అని తాళాలు ఇచ్చి రాకండి. స్కానర్ పెట్టి నాలుగు సెన్సార్ల నంబర్లు, ఒక్కోదాని బ్యాటరీ స్థితి చదివి చూపించమనండి. ఏ చక్రం పలకట్లేదో అప్పుడే తేలుతుంది. మీ ఫోన్లోని ఫొటోలతో పోల్చండి. నంబరు కలవకపోతే అది నేర్పడంలో పొరపాటు, సెన్సార్ కొనక్కర్లేదు. నంబరు కలిసీ పలకకపోతే ఆ ఒక్కటే చచ్చిపోయింది. "నాలుగూ సెట్టుగా మార్చాలి సార్" అంటే, మిగతా మూడింటి బ్యాటరీ ఎలా ఉందో చూపించమని అడగండి.